చీలిన నిద్రగన్నేరు

ఆ చెట్టును కొట్టేయించమని పై ఆఫీసుకు ఉత్తరం రాసింది నేనే. తరవాత దాన్ని నిలబెట్టినవాళ్లలో నన్నూ కలిపి చెబుతుంటారు కనక, ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

అప్పటికి నేను చెరుకుపల్లి అవతల ఒక ఊళ్లో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేరి రెండేళ్లయింది. కాపురం తెనాలిలో. రోజూ పొద్దున్నే బస్సెక్కి, వరిచేల మధ్యగా వెళ్లి, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేదాన్ని. బడి ఆవరణ మధ్యలో పెద్ద నిద్రగన్నేరు ఉంది. ఎవరు నాటారో ఊళ్లో పెద్దవాళ్లు కూడా చెప్పలేరు. నేల నుంచి ఇద్దరు మనుషుల ఎత్తు దాకా ఒకటే మాను. అక్కడ రెండుగా విడిపోయి, ఒక పాయ తరగతి గదుల వైపు, ఇంకో పాయ వంటపాక వైపు సాగాయి. మధ్యాహ్న భోజనం వేళకు పిల్లలంతా పళ్లేలు పట్టుకుని ఆ నీడలోనే కూర్చునేవాళ్లు. నిజం చెప్పాలంటే నేను దాన్ని ఎప్పుడూ తలెత్తి చూసింది లేదు. గొడుగు వేసుకున్నవాళ్లు గొడుగు వంక చూడరు కదా, అలాగే.

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టి, అయిదో రోజు తెరిపి ఇచ్చింది. గాలి కూడా లేదు. భోజనాలయి పిల్లలు గదుల్లోకి వెళ్లి అరగంటయిందేమో, లారీ టైరు పేలినట్టు చప్పుడయింది. బయటికి పరుగెత్తాను. ఒక కొమ్మ సైకిళ్ల మీద పడి ఉంది. అది పెద్ద కొమ్మేమీ కాదు. నన్ను భయపెట్టింది దాని పైన ఉన్నది. రెండు పాయలూ విడిపోయే చోట మాను నిలువునా విచ్చుకుని, లోపలి కొయ్య పచ్చిగా, తెల్లగా కనబడుతోంది. నా రెండు వేళ్లు దూరేంత సందు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ప్రతి తరగతికీ వెళ్లి పిల్లల్ని లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. మళ్లీ వెళ్లి మళ్లీ లెక్కపెట్టాను. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. రాసేటప్పుడు నాకు ఏ బాధా కలగలేదు. అరగంట ముందు పడి ఉంటే, అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

మర్నాడు మా బళ్లో వంట చేసే ఆవిడ నా గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పదిహేనేళ్లుగా అక్కడ వండుతున్న మనిషి. నోరు విప్పి ఏదీ అడిగే రకం కాదు.

"మేడమ్ గారండీ, చెట్టు కొట్టేయిస్తన్నారంట?"

"అవునమ్మా. ఎలా చీలిందో చూశావుగా."

"చూశానండి. నాకూ గుండె ఝల్లుమంది. కాకపోతే ఒక్క మాట. మా పుట్టిల్లు రేపల్లె అవతల, సముద్రం ఒడ్డునండి. మా అన్నయ్య పడవలు కడతాడు. కొయ్యలో బలం ఉందో పోయిందో కొట్టి చూసి చెప్పేస్తాడు. ఆయన్ని ఒక్కసారి చూడనివ్వండి. చూశాక కొట్టేయండి, నేనేం అనను."

నేను సరేనన్నాను. చెట్టు బతుకుతుందన్న ఆశతో కాదు. కొట్టడానికి అనుమతి రావాలంటే ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా ఒక మనిషి వచ్చి చూస్తే నాకు పోయేదేమీ లేదనుకున్నాను. పిల్లల భోజనాలు వరండాలోకి మార్పించి, చెట్టు చుట్టూ తాడు కట్టించాను.

ఆదివారం చెల్లెలితో కలిసి ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకు కమిలిన చర్మం. చేతిలో చెక్క సుత్తి, భుజాన తాడు చుట్ట. నాకు నమస్కారం పెట్టి చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తరవాత మానుకు చెవి ఆనించి, అక్కడక్కడా సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచాడు.

"ఇక్కడ వినండి. గట్టిగా పలికింది. ఇప్పుడు ఇటు వినండి."

వంటపాక వైపు కొట్టినప్పుడు ఖాళీ పీపా మీద కొట్టినట్టు మోగింది. "అయితే కుళ్లిపోయినట్టేగా?" అన్నాను.

"లోపల బోలుగా ఉందండి. చుట్టూ దళసరిగానే ఉంది. ఆగండి, పైకెక్కి చూస్తాను."

అంత వయసులో ఆయన ఎక్కిన తీరు చూస్తే ముచ్చటేసింది. తాడు విసిరి, చెప్పులు వదిలి, నిచ్చెన ఎక్కినంత తేలిగ్గా చీలిక దగ్గరికి చేరాడు. అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. కిందికి దిగి చేతులు దులుపుకుంటూ చెప్పాడు.

"చెట్టు బాగానే ఉందండి. బరువే బాలేదు. ఈ రెండు పాయలూ చివర్లకి పెరిగీ పెరిగీ చెరో పక్కకి గుంజుతన్నయ్. మొన్న వానకి తడిసి ఇంకా బరువెక్కినయ్. మధ్యలో జాయింటు ఓర్చుకోలేకపోయింది."

"పడిపోద్దా?" అని అడిగింది ఆయన చెల్లెలు.

"ఇట్టాగే వదిలేస్తే పడిపోద్ది. చివర్లు తేలిక చేసి, రెంటినీ కలిపి కట్టుకుంటే నిలబడుద్ది. మన పడవ మీద తెరచాప కొయ్యని తాళ్లేసి నిలబెట్టమా, అట్టా."

నాకు ఆయన మాట మీద గురి కుదిరింది. అయినా ఉన్న సంగతి చెప్పాను. "అన్నయ్యా, నేను నమ్ముతాను. కానీ రేపు ఏదన్నా జరిగితే, పడవలు కట్టే ఆయన చెప్పాడని ఊరుకున్నానంటే ఎవరూ ఒప్పుకోరు."

ఆయన నొచ్చుకోలేదు. "నిజమేనండి. పిల్లల సంగతి కదా. చదువుకున్నవాళ్లని కూడా అడగండి. నేనేం అనుకోను."

చదువుకున్నవాళ్లు అనగానే నాకు బాపట్లలో ఉన్న ఒక మాస్టారు గుర్తొచ్చారు. మా తమ్ముడికి పాఠాలు చెప్పారు. జీవితమంతా చెట్ల జబ్బుల మీద పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలడం లేదని విన్నాను. తరవాతి సెలవు రోజున తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్లాను.

సంగతంతా విని ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు.

"చీలిక ఒక పక్కే ఉందా, ఇటు నుంచి అటు దాకా ఉందా?"

"సరిగా చూడలేదండి."

"మొదట్లో ఎక్కడన్నా పుట్టగొడుగులు లేచాయా?"

"గమనించలేదండి."

"చుట్టూ నేల ఎలా ఉంది?"

ఈ ఒక్కదానికీ సమాధానం తెలుసు. "చుట్టూ సిమెంటు చప్టా ఉందండి. పిల్లలు కూర్చోడానికి ఎప్పుడో కట్టించారు."

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని తెరిచారు. "అంటే ఏమీ చూడకుండానే కొట్టేయమని రాసేశావన్నమాట" అన్నారు.

ముప్పై ఏళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగినదాన్ని. ఆ రోజు సమాధానం రాని పిల్లలా కూర్చున్నాను. ఆయన భార్య కాఫీ తెచ్చి, "పరీక్ష పెట్టకుండా ఎవరితోనూ మాట్లాడరమ్మా ఈయన. ఏమీ అనుకోకు" అన్నారు. మాస్టారు నవ్వలేదు. ఒక కాగితం మీద ఏమేం చూడాలో వరసగా రాసి నా చేతికిచ్చారు.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగాను. దాన్ని మొదటిసారి చూసింది అప్పుడేనని చెప్పాలి. చీలిక రెండు పక్కలా ఉంది, కాని కిందికి జానెడు దిగి ఆగిపోయింది. పుట్టగొడుగులు లేవు. వంటపాక వైపు మోచేయి దాకా చెయ్యి పట్టే తొర్ర ఉంది, దాని అడుగున ఎవరో ఎప్పుడో సిమెంటు కూరి ఉంచారు. ఆ సిమెంటు పక్కనుంచే నీళ్లు లోపలికి దిగుతున్నాయి. చప్టా పగుళ్లలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చాయి. అన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసి పంపాను.

మూడో రోజు మాస్టారు ఫోన్ చేశారు. "మా అబ్బాయి కారులో దింపుతానన్నాడు. ఆదివారం వస్తాను. ఆ పడవలాయన్ని కూడా రమ్మను. నాకో కుర్చీ వేయించు చాలు."

ఆ ఆదివారం చూడాల్సిందే. మాస్టారు కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపిస్తూ అడగడం, ఈయన చెట్టెక్కి పైనుంచి చెప్పడం. అంతా సవ్యంగా సాగి, కట్టు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ మాట కుదరలేదు.

"మంచి నైలాను తాడు తెస్తాను మాస్టారూ. రెండు పాయలకీ చుట్టేసి బిగించేస్తే ఇంక కదలదు" అన్నాడాయన.

"చుట్టకూడదు బాబూ. చెట్టు ఏటేటా లావెక్కుతుంది. నీ తాడు లావెక్కదు. నాలుగేళ్లకి బెరడులోకి దిగిపోయి పాయ పీక నొక్కేస్తుంది."

"చుట్టకపోతే దేనికి కట్టేదండి?"

"మానుకి అడ్డంగా చిన్న కన్నం పెట్టి, ఆ పక్క నుంచి ఈ పక్కకి బోల్టు దింపు. బోల్టుకి ఉక్కు తాడు కట్టు."

"కన్నం పెడితే చెట్టుకి నొప్పి కాదా!"

"అవుతుంది. ఆ చిన్న గాయాన్ని అదే మూసుకుంటుంది. చుట్టూ నొక్కేస్తే మాత్రం తట్టుకోలేదు. ఇంకోటి, మరీ బిగించకు. గాలికి కాస్త ఊగనివ్వాలి. ఊగితేనే కొయ్య గట్టిపడేది."

పడవలాయన కాసేపు తల గోక్కుని, "తెరచాప కొయ్యకి కట్టే తాడు కూడా మరీ బిగిస్తే కొయ్యే విరుగుద్ది లెండి" అని ఒప్పుకున్నాడు. పడవ వెన్నుకు బోల్టులు దింపే పొడుగాటి బరమా తమ దగ్గర ఉందని కూడా చెప్పాడు. మాస్టారి మొహం విప్పారింది. అంత లావు మానుకు కన్నం వేసే పనిముట్టు ఎక్కడ దొరుకుతుందా అని ఆయన అప్పటిదాకా మథనపడుతున్నారట.

వెళ్లేముందు నన్ను దగ్గరికి పిలిచారు. "చూడమ్మా, ఇది పడిపోదని నేను రాసివ్వలేను. ఎవరూ ఇవ్వలేరు. పడే అవకాశం బాగా తగ్గించగలం. మిగతాది నువ్వు చెయ్యాలి. పిల్లలు ఎక్కడ కూర్చోవాలో, సైకిళ్లు ఎక్కడ పెట్టాలో మార్చు. ఏటా రెండుసార్లు ఎక్కించి చూపించు. అది చెయ్యలేకపోతే ఇప్పుడే కొట్టేయించు."

నేను రెండో ఉత్తరం రాశాను, మొదటిదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని. పై ఆఫీసులో ఒకాయన ఫోన్ చేసి, "బాధ్యత మీదేనా మేడమ్?" అని అడిగాడు. మాస్టారి చేత రాయించిన కాగితం పంపుతున్నానని, బాధ్యత నాదేనని చెప్పాను. ఫోన్ పెట్టేశాక మంచినీళ్లు తాగాను.

దానికన్నా కష్టమైంది తల్లిదండ్రుల మీటింగు. సైకిల్ నుజ్జయిన ఒక అమ్మాయి తండ్రి లేచాడు. అయిదెకరాల వరి రైతు, మాట పొదుపు.

"మేడమ్ గారండీ, మీరు మంచి ఉద్దేశంతోనే చేస్తన్నారు. కాదనను. కానీ మీ పిల్లలు ఈ బళ్లో చదవట్లేదు కదండీ."

ఆయన అన్నది నిజం. ఏదో ఒకటి చెప్పి నెగ్గాలనిపించలేదు.

"చదవట్లేదండి" అన్నాను. "అందుకే పని పూర్తయ్యి, ఈ తుపాన్ల కాలం వెళ్లేదాకా చెట్టు కింద ఒక్కరిని కూడా కూర్చోనివ్వను. భోజనాలు వరండాలోనే. సైకిళ్లు గేటు పక్కకి మార్పించాను. సంక్రాంతి సెలవులయ్యాక మాస్టారు మళ్లీ చూసి, వద్దంటే నేనే దగ్గరుండి కొట్టిస్తాను."

"మధ్యలో ఆ చీలిక పెద్దదైతే?"

"అప్పుడే కొట్టిస్తాను."

"పెద్దదైందో లేదో ఎవరు చూస్తారండీ?"

నేను నోరు తెరిచేలోపే ఆయనే, "నేను చూస్తాను లెండి" అని కూర్చున్నాడు.

మర్నాడే వచ్చి, చీలికకు అటూ ఇటూ ఎర్రరంగుతో రెండు చుక్కలు పెట్టాడు. నిచ్చెన వేసుకుని, వారానికి ఒకసారి ఆ రెండు చుక్కల మధ్య దూరం స్కేలుతో కొలిచి నా గదిలో క్యాలెండరు మీద రాసి వెళ్లేవాడు. వాన పడితే పిలవకుండానే వచ్చేవాడు. మొదట్లో నన్ను తప్పు పట్టడానికే వస్తున్నాడనుకున్నాను. నెల తిరిగేసరికి ఆయన రాకపోతే నాకు తోచేది కాదు.

పని సెప్టెంబరులో రెండు ఆదివారాలు పట్టింది. పడవలాయన ఇద్దరు చుట్టాలతో వచ్చాడు. మొదటి రోజంతా చివరి కొమ్మలు తీయడమే. మాస్టారు కుర్చీలోంచి, "ఆ చిన్నది తియ్యి, ఆ పక్కది ఉంచు, తల నరకొద్దు" అంటూనే ఉన్నారు. తీసిన ప్రతి కొమ్మనూ తాడు కట్టి మెల్లగా దించారు, పసిబిడ్డను దించినట్టు. సాయంత్రానికి చెట్టు అదే ఆకారంలో ఉంది, కాని కాస్త క్రాపు చేయించుకున్నట్టు తేలికపడింది. వరి రైతు నిచ్చెనెక్కి కొలిచి అరిచాడు.

"మేడమ్ గారండీ! సందు తగ్గిందండీ! ఇంకా బోల్టే వెయ్యలేదు, తగ్గింది!"

బరువు పోవడంతో పాయలు రెండూ కాస్త దగ్గరికొచ్చాయి. మాస్టారికి అది ముందే తెలుసనుకుంటాను. అయినా కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

రెండో ఆదివారం బరమాతో చీలికకు అడ్డంగా రెండు కన్నాలు వేసి పొడుగాటి బోల్టులు దింపారు. ఇంకా పైన, చీలిక నుంచి కొమ్మల కొసల దాకా ఉన్న ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, రెండు పాయలకూ మధ్య ఉక్కు తాడు కట్టారు. తాడు చివర్లను పేనడం ఆ అన్నయ్య పనితనం. పోగులు విప్పి ఒకదానిలోకి ఒకటి దూర్చి అల్లుతుంటే, ఆయన చేతుల కేసే చూస్తూ మాస్టారు పాఠం చెప్పడం మరిచిపోయారు. వంటపాక వైపు వంగిన కొమ్మ కింద తాటి దూలం పోటు పెట్టి, కొయ్యకూ కొయ్యకూ మధ్య పాత టైరు ముక్క వేశారు. తొర్రలో వదులైన సిమెంటు తీసేశారు. చప్టా పగలగొట్టి నేల గుల్ల చేశారు. వరి రైతు తన ట్రాక్టరుతో గడ్డి తెచ్చి మాను మొదలుకు తగలకుండా చుట్టూ పరిపించాడు. ఆ రోజు మా వంటావిడ అందరికీ చేపల పులుసు పెట్టింది. మాస్టారికి మాత్రం పప్పు. ఆయన కొసరి కొసరి వడ్డించుకున్నారు.

నవంబరులో తుపాను రానే వచ్చింది. రెండు రోజులు బస్సులు లేవు. తెనాలిలో ఇంట్లో కూర్చుని కిటికీ బయట కరెంటు తీగలు ఊగడం చూస్తూ, ఉత్తరం వెనక్కి తీసుకున్న చేతిని తిట్టుకున్నాను. మూడో రోజు తొలి బస్సు పట్టుకున్నాను. దారంతా చేలు మునిగి ఉన్నాయి. కొన్ని తుమ్మచెట్లు రోడ్డు పక్కన వేళ్లతో సహా లేచాయి. బడి మలుపు దగ్గర బస్సు దిగగానే గోడ మీదుగా చూశాను. నిద్రగన్నేరు కనబడింది.

లోపల వరి రైతు అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. చేలో నీళ్లు తీయాల్సిన మనిషి ముందు ఇక్కడికొచ్చాడు.

"చిన్న కొమ్మలు నాలుగు విరిగినయ్ అంతేనండి. చుక్కలు ఎక్కడియి అక్కడే ఉన్నయ్" అన్నాడు. "ఉక్కు తాడు నిన్నంతా వీణ తీగలాగా మోగిందంట. వంటావిడ వినిందంట."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆయన నిచ్చెన దిగి, మోకాలి బురద కడుక్కుంటూ, "మీరు ఏడవబాకండి మేడమ్ గారూ, చేలో ఉన్న నీళ్లే చాలు నాకు" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

సంక్రాంతి సెలవులయ్యాక మాస్టారు వచ్చి చూసి, చెట్టుకు తూర్పు పక్కన, పాయల కింద పడని చోట పిల్లల్ని కూర్చోబెట్టొచ్చన్నారు. మిగతా పక్కలు కంచె వేసి పూలమొక్కలు నాటాం. ఆ వేసవి తరవాత బోల్టుల చుట్టూ బెరడు ఉబ్బి, అప్పం అంచులా మందంగా లోపలికి ముడుచుకోవడం మొదలైంది. పడవలాయన ఎక్కి చూసి, "మాస్టారు చెప్పినట్టే మింగేస్తందండి ఇనుముని" అని ఆశ్చర్యపోయాడు. వరి రైతు కూతురు పది పాసై వెళ్లిపోయినా, ఆయన కొలవడం మానలేదు.

తరవాత నాకు తెనాలి దగ్గరి బడికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుకు తాళాలతో పాటు మాస్టారి కాగితం కూడా ఇచ్చి, ఏడాదికి రెండుసార్లు ఎవరిని పిలవాలో చెప్పాను. పిలుస్తున్నాడు.

ఈ మధ్య నందివెలుగు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ల దొడ్లో అత్తగారి కాలం నాటి మామిడిచెట్టు ఒక పక్కకు ఒరిగిందట. ఎవరో నా పేరు చెప్పారట. మాస్టారికి చెబితే వెంటనే బయల్దేరారు. మోకాళ్ల సంగతి ఎత్తితే కసిరారు. పడవలాయన రేపల్లె నుంచి రైల్లో వచ్చాడు. నేను తెనాలి స్టేషనులో ఇద్దరినీ కలుపుకుని ఆటో మాట్లాడాను. దారిలో వాళ్లిద్దరూ బోల్టు మందం గురించి మళ్లీ వాదించుకున్నారు.

దొడ్లో కుర్చీ వేశారు. పడవలాయన పైకెక్కాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. మాస్టారు వేళ్ల దగ్గర మట్టి కర్రతో కదిపి, వాసన చూసి, పైనుంచి వచ్చిన జవాబులన్నీ విన్నారు.

"బతుకుద్దంటారా బాబాయి గారూ?" అని అడిగిందావిడ.

"రెండు కొమ్మలు తేలిక చెయ్యాలి, ఆ పక్కన పోటు పెట్టాలి" అన్నారు మాస్టారు. "ఈ ఏడు కాయ తగ్గుతుందమ్మా. చెట్టు ఉంటుంది."